ఫ్లైట్ సిమ్యులేటర్ ఏ ఎడిషన్ వేసుకోవాలి? ముందు మన లాప్‌టాప్, మన నెట్, మన టైమ్ చూసుకుందాం



ఈ మధ్య దుబాయ్ క్యాంపుల్లో ఫ్లైట్ సిమ్యులేటర్ ముచ్చట ఎక్కువైంది. సెకండ్ హ్యాండ్ గేమింగ్ లాప్‌టాప్‌లు తక్కువకు దొరుకుతున్నయి. సెలవు రోజు రూములో కూర్చుని విమానం నడిపే తమ్ముళ్లు పెరిగిండ్రు. ఊర్లో పిల్లలు కూడా వీడియో కాల్‌లో "డాడీ, నాక్కూడా అది కావాలె" అంటున్నరు. అందరూ మమ్మల్ని అడిగేది ఒకటే. స్టాండర్డ్ కొనాల్నా, డీలక్స్ కొనాల్నా, ప్రీమియం డీలక్స్ కొనాల్నా? 2020ది మంచిదా, 2024ది మంచిదా?

మా రూములో ఆరుగురం ఉంటం. మూడేళ్లుగా ఇవి నడుపుతున్నం కాబట్టి మా మాట సూటిగా చెప్తున్నం. ముందు ఉచితంగా దొరికేది వేసుకోండి. తర్వాత కొనాలనిపిస్తే, మీ లాప్‌టాప్ మోయగలిగిన వాటిలో అన్నిటికన్నా చిన్న ఎడిషన్ కొనండి. పెద్ద ఎడిషన్ కొనడానికి ఒకే ఒక్క మంచి కారణం ఉంది, అది కింద చెప్తం. "ఎక్కువ రేటు పెడితే ఎక్కువ మంచిగ ఉంటది" అనేది మాత్రం కారణం కాదు.

ముందు ధరల లెక్క చూద్దాం. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ కంప్యూటర్‌కు 2020 ఆగస్టు 18న వచ్చింది. అప్పుడు మూడు ఎడిషన్లు. స్టాండర్డ్ 60 డాలర్లు, 20 విమానాలు. డీలక్స్ 90 డాలర్లు, 25 విమానాలు. ప్రీమియం డీలక్స్ 120 డాలర్లు, 30 విమానాలు. మన దిర్హాముల్లో చూస్తే సుమారు 220, 330, 440. తర్వాత 2024 నవంబర్ 19న కొత్త సిమ్యులేటర్ వచ్చింది. దానికి నాలుగు ఎడిషన్లు. 70, 100, 130, 200 డాలర్లు. అంటే 257 దిర్హాముల నుంచి 735 దాకా. ఇవి విడుదలైనప్పటి ధరలు. సేల్ ఉంటే తగ్గుతయి, అమ్మే ఎడిషన్లు కూడా మారుతుంటయి. కొనే రోజు పేజీ చూసుకోండి.

ఇప్పుడు ఆలోచించండి. 2020 దాంట్లో డబుల్ రేటు పెడితే వచ్చేది 10 విమానాలు, శ్రద్ధగా తయారుచేసిన 10 ఎయిర్‌పోర్టులు. అంతే. భూమి, ఆకాశం, వాన, మబ్బు అన్ని ఎడిషన్లలో ఒకటే. 37,000 ఎయిర్‌పోర్టులు అన్నిట్లో ఉంటయి. శంషాబాద్‌లో దిగాలన్నా స్టాండర్డ్ చాలు. ఇండిగో వాళ్లు నడిపే రకం ఎయిర్‌బస్ ఏ320నియో స్టాండర్డ్‌లోనే ఉంది. పెద్ద బోయింగ్ 747 కూడా అందులోనే ఉంది. నేర్చుకునే వాళ్లు మొదట పట్టే చిన్న సెస్నా 172 కూడా ఉంది. ప్రీమియంలో అదనంగా వచ్చే బోయింగ్ 787 మంచిదే, కాదనం. కానీ సెస్నానే నేరుగా దించడం రాని వాడికి 787 ఎందుకు?

రెండోది లాప్‌టాప్. మనం సైట్‌లో స్లాబ్ వేసే ముందు సెంట్రింగ్ చూస్తం. సెంట్రింగ్ గట్టిగ లేకపోతే ఎంత ఖరీదైన కాంక్రీట్ పోసినా కిందికే వస్తది. ఇక్కడ కూడా అట్లనే. 2020 దానికి కనీసం 8 జీబీ ర్యామ్, 150 జీబీ ఖాళీ జాగ కావాలి. మంచిగ నడవాలంటే 16 జీబీ ర్యామ్ ఉండాలి. 2024 దానికి కనీసమే 16 జీబీ, మంచిగ నడవాలంటే 32 జీబీ. క్యాంపుల్లో చేతులు మారే లాప్‌టాప్‌లలో చాలావాటికి 8 జీబీ ర్యామ్, 256 జీబీ డిస్క్ ఉంటది. అందులో విండోస్, పెళ్లి ఫోటోలు, సినిమాలు పోను మిగిలేదెంత? టాస్క్ మేనేజర్ తెరిస్తే ర్యామ్ ఎంత, గ్రాఫిక్స్ కార్డు ఏది అనేది కనబడతది. అమ్మేవాడి మాట నమ్మకుండా ముందు అది తెరిచి చూడండి.

మూడోది నెట్. ఇక్కడ చాలామంది పొరపాటు పడుతున్నరు. 2024 దానికి 50 జీబీ జాగ చాలని రాసి ఉంటది. 150 ఎక్కడ, 50 ఎక్కడ, కొత్తది తేలికగా ఉంది కదా అనుకుంటరు. బరువు తగ్గలేదు తమ్ముడూ, డిస్క్ మీద నుంచి నెట్ మీదికి మారింది. మీరు ఎగురుతుంటే కింది ఊర్లు, కొండలు, విమానం బొమ్మలతో సహా చాలా డేటా అప్పటికప్పుడు నెట్ నుంచి వస్తుంటది. కనీసం 10 ఎంబీపీఎస్ కావాలని, మంచిగ నడవాలంటే 50 ఎంబీపీఎస్ కావాలని వాళ్లే చెప్పిండ్రు.

క్యాంపు వైఫైలో ఆరుగురం ఒకే లైన్ పంచుకుంటం. రాత్రి తొమ్మిది దాటితే అందరూ ఇంటికి వీడియో కాల్ చేసే టైమ్. ఆ టైమ్‌లో ఒకడు 10 ఎంబీపీఎస్ మొత్తం గుంజితే గంటకు నాలుగున్నర జీబీ పోతది. పక్క మంచం అన్న బిడ్డ మొఖం తెర మీద ఆగిపోతది. రూములో గొడవలు ఇట్లనే మొదలైతయి. డేటా ప్యాక్ మీద ఆడేవాళ్ల సంగతి చెప్పే పనే లేదు.

2024ది విడుదలైన రోజుల్లో మంచి నెట్ ఉన్న దేశాల వాళ్లే లోపలికి పోలేక గంటల తరబడి క్యూలో కూర్చున్నరు. సర్వర్లు తట్టుకోలేదు. తయారుచేసినవాళ్లే బయటికి వచ్చి క్షమించమని చెప్పిండ్రు. తర్వాత అప్‌డేట్లతో సరిచేసుకుంటూ వచ్చిండ్రు, అది నిజమే. అయినా మన క్యాంపు నెట్ మీద ఆధారపడి నడిచేదానికి 735 దిర్హాములు పెట్టే ముందు ఒక్కసారి ఆగాలి.

2020 దాంట్లో ఇంకో తిప్పలు ఉంది. అది ఒకేసారి పెద్దగా దించుకోవాలి. 150 జీబీ డేటా 10 ఎంబీపీఎస్ మీద దిగాలంటే 33 గంటలు పడతది, అది కూడా లైన్ మొత్తం మనకే ఉంటే. స్టీమ్‌లో కొన్న గేమ్ వాపస్ ఇయ్యాలంటే కొన్న 14 రోజుల లోపు, ఆడింది 2 గంటల లోపు ఉండాలి. ఈ గేమ్ మొదట చిన్న ఫైల్ దిగుతది, అసలు డేటా గేమ్ తెరిచినంక లోపల దిగుతది. ఆ దిగే గంటలు కూడా ఆడిన గంటల కింద లెక్క పడుతున్నయని 2020లోనే చాలామంది మొత్తుకున్నరు. అందుకే వాపస్ మీద ఆశ పెట్టుకుని కొనొద్దు. నెల చందా కట్టే గేమ్ పాస్‌లో స్టాండర్డ్ ఎడిషన్ వస్తది. ఒక నెల కట్టి, మన లాప్‌టాప్ మోస్తదా లేదా చూసుకుని అప్పుడు కొనడం తెలివైన పని.

మరి ఉచితంగా ఏమున్నయి? ఫ్లైట్‌గేర్ ఉంది. 1990ల నుంచి ప్రపంచం నలుమూలల వాళ్లు ఇష్టంతో కలిసి తయారుచేస్తున్నది. ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు. పాత లాప్‌టాప్ మీద కూడా నడుస్తది. మీరు ఎగిరే ప్రాంతం వరకే భూమి దించుకుంటది. బొమ్మ అంత అందంగా ఉండదు, కానీ స్టీరింగ్, ఫ్లాప్స్, రన్‌వేకు వరుస పట్టడం అన్నీ నేర్పుతది. అందులో ఎప్పుడూ స్టేబుల్ అని రాసి ఉన్నదే వేసుకోండి. రోజూ మారే టెస్టింగ్ వెర్షన్ మనకు వద్దు. ఒక హెచ్చరిక. ఈ ఫ్లైట్‌గేర్‌నే వేరే పేరు పెట్టి డబ్బులకు అమ్మినవాళ్లు ఉన్నరు. దాని మీద ఫ్లైట్‌గేర్ వాళ్లే జాగ్రత్త చెప్పిండ్రు. సొంత సైట్ నుంచే దించుకోండి. అసలు ఏమీ దించుకోకుండా చూడాలంటే జియోఎఫ్ఎస్ ఉంది, బ్రౌజర్‌లోనే నడుస్తది.

నెట్ సరిగ లేనివాళ్లకు డబ్బులు పెట్టి కొనేదాంట్లో ఎక్స్-ప్లేన్ 12 మా సలహా. ప్రపంచంలో ఏ భాగం కావాలో ఎంచుకుని ఆ భాగమే వేసుకోవచ్చు. గల్ఫ్, ఇండియా వేసుకుంటే చాలు కదా. ఒకసారి దిగినంక నెట్ లేకుండా ఎగరొచ్చు. ముందు ఉచిత డెమో ఉంది, కొంత ప్రాంతంలో కొంత సేపు నడిపి మన లాప్‌టాప్ సత్తా చూసుకోవచ్చు.

"ఇదంతా ఎందుకు, మా దగ్గర హార్డ్ డిస్క్‌లో ప్రీమియం ఉంది, 20 దిర్హాములకు ఎక్కిస్తం" అనేవాళ్లు ప్రతి క్యాంపులో దొరుకుతరు. వద్దు. అదే లాప్‌టాప్‌లో మన బ్యాంకు తెరుస్తం, ఇంటికి పైసలు పంపుతం, పాస్‌పోర్ట్ కాపీ పెట్టుకుంటం. దొంగ కాపీతో పాటు ఏ పురుగు వస్తదో ఎవరికి తెలుసు? విమానం ఎగిరినా ఎగరకపోయినా జీతం ఎగిరిపోతది.

ఇప్పుడు ఒక మాట అంటరు. "సంవత్సరమంతా ఎండలో చస్తున్నం. మన సంతోషానికి 440 దిర్హాములు పెట్టుకోవద్దా? ఎప్పుడూ చిన్నదే మనకా?" ఈ మాటలో న్యాయం ఉంది. మనం జీవితంలో ఎన్నిసార్లు విమానం ఎక్కినా నడిమి సీటే. ఒక్కసారి ముందు సీట్లో కూర్చోవాలని ఉండదా? ఉంటది. పెట్టుకోండి. కానీ దేనికి పెడుతున్నమో తెలిసి పెట్టుకోండి.

పైన చెప్పిన ఒక్క మంచి కారణం ఇదే. మా రూములో ఒక అన్న దుబాయ్ ఎయిర్‌పోర్ట్ కాంకోర్స్ డీ కట్టేటప్పుడు పనిచేసిండు. అది 2016లో తెరిచిండ్రు. 2020 సిమ్యులేటర్ విడుదలైనప్పుడు శ్రద్ధగా తయారుచేసిన దుబాయ్ ఎయిర్‌పోర్ట్ ప్రీమియం డీలక్స్‌లోనే ఉండె. స్టాండర్డ్‌లో రన్‌వే ఉంటది కానీ కట్టడాలు అంత అచ్చంగా ఉండవు. అన్న సేల్ కోసం ఆగి ప్రీమియం కొన్నడు. ఎక్కడికీ ఎగరడు. విమానాన్ని అక్కడ నిలబెట్టి, బయటి నుంచి కట్టడం చూపిస్తూ ఇంట్లో వదినకు, పిల్లలకు వీడియో కాల్‌లో చెప్తడు. "ఇగో ఇదే, ఇక్కడనే పనిచేసిన." ఇంట్లో వాళ్లు అన్నేళ్లు పంపిన పైసలు చూసిండ్రు, ఆ పని చూడలేదు. అన్న పెట్టిన ప్రతి దిర్హామ్ దక్కింది. ఎందుకంటే ఆయనకు కావాల్సింది ఏందో ఆయనకు తెలుసు, అది ఆ ఎడిషన్‌లోనే ఉంది. మీకు అట్లాంటి కారణం ఉంటే పెద్దదే కొనండి, ఎవ్వరినీ అడగకండి.

పిల్లల కోసం కొనేవాళ్లకు ఇంకో మాట. దూరంగా ఉన్నమని బాధతో పెద్ద ఎడిషన్ కొంటం. పిల్లగాడికి ఎడిషన్ పేరుతో పనిలేదు. వాడు ఫ్లైట్‌గేర్‌లో నెల రోజులు ఓపికగా ఆడితే అప్పుడు స్టాండర్డ్ కొనియ్యండి. "సిమ్యులేటర్ కోర్సు చేస్తే పైలట్ అయిపోతడు" అని ఎవరైనా పైసలు అడిగితే నమ్మొద్దు. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కు ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ పాస్ కావాలి, డాక్టర్ పరీక్ష పాస్ కావాలి, నిజం విమానంలో 200 గంటలు ఎగరాలి. ఇంట్లో కంప్యూటర్ మీద ఎగిరిన గంటలు అందులో పడవు. ఆసక్తి పుట్టించడానికి మాత్రం ఆట బాగా పనికొస్తది. కాబట్టి ఆటకు తక్కువ పెట్టి, మిగిలింది లెక్కల ట్యూషన్‌కు పెట్టండి.

చివరగా టైమ్. డ్యూటీ, బస్సు, వంట, బట్టలు పోను రోజుకు గంట మిగిలితే గొప్ప. ఆ గంటలో 30 విమానాలు తిరగేస్తే ఏదీ రాదు. ఒక్క సెస్నాతో నెల రోజులు కూర్చుంటే గాలి పక్క నుంచి కొట్టినా రన్‌వే మధ్య గీత మీద దించడం వస్తది. ఆ రోజు రూములో అందరూ చప్పట్లు కొడతరు. ఏ ఎడిషన్ అని ఎవ్వరూ అడగరు.

మీ లాప్‌టాప్ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, నెట్ స్పీడ్ రాసి పంపండి. ఏది నడుస్తదో మాకు తెలిసినంత చెప్తం.