కంటికి కనిపించని మంట

రాత్రి భోజనం ముగించి పడుకున్న కాసేపటికి రొమ్ముటెముక వెనుక మంట బయలుదేరుతుంది. నోట్లోకి పుల్లని నీరు ఎగదన్నుతుంది. లేచి కూర్చుంటే కొంత నయం. పడుకుంటే మళ్ళీ అదే బాధ. 'పైత్యం' అని ఒకరు, 'గ్యాసు' అని మరొకరు సరిపెట్టుకుంటారు. జీర్ణాశయంలోని ఆమ్లం పైకి, అన్నవాహికలోకి ఎగదన్నడమే దీనికి మూలం. ఆ ఆమ్లాన్ని తట్టుకునే పొర జీర్ణాశయానికి ఉన్నది, అన్నవాహికకు లేదు. రెంటి నడుమ కవాటంలా పనిచేసే కండరం వేళకాని వేళ సడలినప్పుడల్లా ఆ సున్నితమైన గొట్టం ఒరిసిపోతుంది.

నగరవాసికి ఇది ఒక చికాకు. బస్తర్ వాసికి ఇదొక ప్రయాణం. ఒకప్పుడు కేరళ రాష్ట్రం కంటె విశాలమైన ఒకే జిల్లాగా ఉండిన ఆ సీమ నేడు ఏడు జిల్లాలు. జగదల్‌పూర్‌లో 2006లో ప్రభుత్వ వైద్యకళాశాల ఏర్పడింది. అయినా 'పెద్ద పరీక్ష' అన్నమాట వినగానే అక్కడి కుటుంబాలు దాదాపు 300 కిలోమీటర్ల దూరంలోని రాయపూర్‌కో, కిరందూల్ రైలెక్కి విశాఖపట్నానికో, కోంటా, భద్రాచలం మీదుగా హైదరాబాదుకో బయలుదేరడం కద్దు. దారిఖర్చు ఒకవైపు, పోయిన కూలి మరొకవైపు. అంత దూరం పోయి గొట్టం మింగితే తేలేదేమిటి? అసలు ఎవరు పోవాలి?

లోపలికి తొంగిచూడాలన్న ఆలోచన కొత్తది కాదు. 1868లో జర్మన్ వైద్యుడు కుస్‌మౌల్, కత్తులు మింగే గారడీవాని చేత తిన్నని లోహపు గొట్టం మింగించి ఈ ప్రయత్నం చేశాడు. 1957లో హిర్షోవిట్జ్ అనే వైద్యుడు సన్నని గాజుపోగుల గుండా వెలుగును వంచి పంపే మెత్తని గొట్టాన్ని రూపొందించి, మొదట తానే మింగి చూశాడు. నేటి ఎండోస్కోపు కొసన చిన్న కెమెరా ఉంటుంది. లోపలి దృశ్యం తెరమీద కనబడుతుంది.

తెరమీద పుండ్లు కనిపిస్తే వైద్యుడు వాటిని నాలుగు తరగతులుగా విభజిస్తాడు. 1994లో లాస్ ఏంజిల్స్‌లో రూపుదిద్దుకున్న విధానమిది. 5 మిల్లీమీటర్లకు మించని గీతలవంటి పుండ్లు మొదటి తరగతి. గొట్టం చుట్టుకొలతలో మూడు వంతులు, అంతకు పైగా ఒరిసిపోతే నాలుగవది. మొదటి తరగతి గీతలు ఏ బాధా లేనివారిలోనూ కనిపించవచ్చు గనుక వాటినిబట్టి మాత్రమే రోగనిర్ణయం చేయరు.

చిక్కు ఇక్కడే ఉన్నది. మంటతో బాధపడేవారిలో సగానికి పైగా మందికి మామూలు వెలుగులో ఏ పుండూ కనిపించదు. జపాన్ శాస్త్రజ్ఞులు, ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయం ఈ లోటును కొంత పూడ్చింది. తెల్లని వెలుగుకు బదులు 415, 540 నానోమీటర్ల చుట్టూ ఉన్న నీలి, ఆకుపచ్చ కాంతులను మాత్రమే లోపలికి పంపుతారు. రక్తంలోని హీమోగ్లోబిన్ ఈ కాంతులను పీల్చుకుంటుంది. అందువల్ల పైపొరలోని వెంట్రుకవంటి రక్తనాళాలు గోధుమరంగు అల్లికలా స్పష్టంగా తేలుతాయి. ఆమ్లం తాకిన చోట అవి ఉబ్బి, మెలికలు తిరిగి, సంఖ్యలో పెరిగి కనిపించవచ్చు. ఏళ్ళ తరబడి ఒరిపిడి వల్ల అన్నవాహిక పొర స్వభావమే మారిపోయే బారెట్ స్థితి ఒకటున్నది. కొందరిలో అది క్యాన్సర్‌కు దారితీయవచ్చు. అందులో అనుమానపు చోటు వెదకి ముక్క తీయడానికి ఈ నీలి వెలుగు మంచి తోడు.

ఈ విద్యలో తెలుగునాట పేరు గడించిన కేంద్రం హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ. దాని స్థాపకుడు, కర్నూలు వైద్యకళాశాలలో చదివిన డాక్టర్ డి. నాగేశ్వర రెడ్డికి 2025లో పద్మవిభూషణ్ లభించింది.

అయితే ఎంత మేలైన వెలుగైనా పొరను చూపగలదు గాని, మంటను చూపలేదు. రక్తనాళాల తీరును మాత్రమే చూసి జబ్బు ఉన్నదీ లేదూ అని తేల్చరు. చిత్రం నిర్మలంగా ఉన్నా బాధ తగ్గనివారికి అన్నవాహికలో సన్నని తీగనుగాని, చిన్న బిళ్ళనుగాని అమర్చి ఒక రోజో, అంతకు మించియో ఆమ్లాన్ని కొలుస్తారు. కొలిచిన కాలంలో నూటికి ఆరు వంతులకు మించి ఆమ్లం నిలిచి ఉంటే జబ్బు రుజువైనట్లే. నాలుగు వంతుల లోపైతే కారణం వేరేచోట వెదకాలి.

దూరం నుంచి వచ్చే రోగికి మరొక ప్రమాదమున్నది. ఆమ్లాన్ని అణచే మాత్రలు పుండ్లను మాన్పుతాయి. వాటిని బయలుదేరే నాటివరకు వేసుకున్నవాడికి 300 కిలోమీటర్ల అవతల చేతికందేది 'అంతా బాగున్నది' అన్న కాగితం కావచ్చు. రోగనిర్ణయం కోసమే పరీక్ష అయితే, రెండు నుంచి నాలుగు వారాల ముందు మాత్రలు ఆపమని వైద్యులు సాధారణంగా చెబుతారు. ఆ మాట చెప్పవలసింది పట్నంలో కాదు, ప్రయాణానికి ముందు, సొంత ఊళ్ళోనే. తనంతట తానుగా మాత్ర మానడం మాత్రం తగదు.

ఇక ఎవరు పోవాలి? మింగడం కష్టమైనవారు, కారణం లేకుండా బరువు తగ్గుతున్నవారు, రక్తహీనత ఉన్నవారు ఆలస్యం చేయరాదు. రక్తం కక్కుకున్నా, మలం తారులా నల్లబడినా వెంటనే ఆసుపత్రికి చేరాలి. ఛాతీ నొప్పి చేతికో దవడకో పాకితే, చెమటలు పోస్తే అది గుండెజబ్బు కావచ్చు. ముందు ఆ పరీక్ష జరగాలి. ఇవేవీ లేని మామూలు మంటకు సాధారణంగా దగ్గరి వైద్యుని సలహాపై ఎనిమిది వారాలు మాత్రలు వాడి చూస్తారు. నిద్రకు రెండు మూడు గంటల ముందే భోజనం ముగించడం, తలవైపు మంచం కోళ్ళకింద ఇటుకలు పెట్టడం, ఎడమవైపు తిరిగి పడుకోవడం, పొగాకు మానడం మేలు చేస్తాయి. వీటికి ఏ రైలూ ఎక్కనక్కరలేదు.

అన్నీ పాటించినా మంట తగ్గకపోతే ప్రయాణం తప్పదు. అప్పుడైనా, చేతికొచ్చిన కాగితంలో ఏ దోషమూ లేదన్నంత మాత్రాన రోగి చెప్పే బాధ అబద్ధం కాదు. తరువాతి పరీక్ష ఏమిటని వైద్యుని అడిగి తెలుసుకున్నాకనే అతడు తిరుగు రైలెక్కాలి.