ల్యాబ్ దాటితేనే అది సాఫ్ట్‌వేర్

పోస్టు కొంచెం పొడుగైంది, ఓపికతో చదవండి.

బాన్సువాడ హాస్టల్‌లో ఉండే మేం ముగ్గురం తండా పొదుపు సంఘం లెక్కల కోసం విజువల్ స్టూడియోలో ఒక చిన్న అప్లికేషన్ తయారు చేసినం. ఎవరు ఎంత కట్టిండ్రు, అప్పు ఎంత, మిత్తి ఎంత, అన్నీ చూపిస్తది. ల్యాబ్‌లో ఎఫ్5 నొక్కితే మంచిగ నడిచింది. తెల్లారి ఈఎక్స్‌ఈ ఫైల్ ఒక్కటి పెన్‌డ్రైవ్‌లో వేసుకొని జిరాక్స్ షాపుకు పోయినం. మా యాడి, ఇంకో ఇద్దరు నాటు కూలి ఇడిసిపెట్టి వచ్చిండ్రు. వాళ్ల ముందట ఎర్రర్ డబ్బా ఒక్కటే వచ్చింది. "పోనీ తియ్ బేటా, బుక్కులనే రాసుకుంటం" అన్నది యాడి. కూలి పోయినందుకు ఒక్క మాట అనలేదు. అదే మాకు ఎక్కువ బాధైంది.

తప్పు షాపు కంప్యూటర్‌ది కాదు, మాదే. ఈఎక్స్‌ఈ ఒక్కటే సరిపోదు, దాని పక్కన డీఎల్‌ఎల్ ఫైళ్లు కూడా ఉండాలె. అవి పెట్టినా, ఆ కంప్యూటర్‌ల డాట్‌నెట్ రన్‌టైమ్ లేదు. డేటాబేస్ దారి మా ల్యాబ్ కంప్యూటర్ ఫోల్డర్ పేరుతోనే రాసి పెట్టినం. అంటే మూడు తప్పులు, మూడూ ల్యాబ్‌లో కనబడనివే. ఎందుకంటే డెవలప్‌మెంట్ కంప్యూటర్‌ల అన్నీ ముందే ఉంటయి.

తర్వాత నేర్చుకున్నం. డీబగ్ కాదు, రిలీజ్ పెట్టాలె. పబ్లిష్‌లో సెల్ఫ్-కంటైన్డ్ ఎంచుకుంటే రన్‌టైమ్ కూడా కలిసే వస్తది. ఫైల్ వంద ఎంబీ దాటుతది, అయినా నెట్ లేని చోట అదే మేలు. అవతలి కంప్యూటర్ 32 బిట్టా, 64 బిట్టా ముందే అడగాలె. లెక్కల ఫైల్ ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాదు, యాప్‌డేటాలో పెట్టాలె. ఇన్నో సెటప్ ఉచితంగనే దొరుకుతది, దాంతో ఇన్‌స్టాలర్ చేస్తే అవతలివాళ్లకు సులువు.

"ఇప్పుడంతా ఫోన్లే కదా, డెస్క్‌టాప్ ఎందుకు?" అని కొందరు అంటరు. నెట్ పోయినా నడవాలె, సంఘం లెక్క సంఘం దగ్గరనే ఉండాలె అంటే ఇదే నయం అని మా అభిప్రాయం. కానీ లెక్కల ఫైల్ వారానికోసారి పెన్‌డ్రైవ్‌లో కాపీ పెట్టకుంటే, కంప్యూటర్ ఖరాబైన రోజు లెక్కలు కూడా పోతయి. అది మరువద్దు.

అసలు మాట ఇదీ. ప్రాజెక్టు అంటే స్క్రీన్‌షాట్లు, రికార్డు, మార్కులు అని మనమే అక్కడికి ఆగిపోతున్నం. మా ఇండ్లల్ల కాలేజీ మెట్టు ఎక్కింది మేమే మొదలు. మనం చేసింది తండాల నడవకపోతే, "చదివి ఏం చేసిండ్రు" అనేటోళ్లకు మనమే జవాబు అందించినట్టు.

అందుకే ఒక్కటి అడుగుతున్నం. ఈ గ్రూపుల "ప్రాజెక్టు అయిపోయింది" అని పెట్టే ముందు, విజువల్ స్టూడియో లేని ఒక పాత కంప్యూటర్‌ల నడిపి చూడండి. కంప్యూటర్ దొరకకపోతే ఇక్కడ అడగండి, ఒకరిది ఒకరం చూసుకుందాం.

నాట్లు అయిపోయినంక మేం మళ్లీ షాపుకు పోతున్నం. ఈసారి ముందు మేమే పోయి నడిపి చూస్తం, నడిచినంకనే యాడీలను పిలుస్తం.