పచ్చడిలో పంట

ఉగాది పచ్చడిని మనం వేదాంతం చేసేశాం. చేదు కష్టమని, తీపి సుఖమని ఏటా రాసుకుంటూ వస్తున్నాం. ఆ పాపంలో ఈ కాలమ్‌కూ వాటా ఉంది. చేలో నిలబడి చూస్తే మాత్రం అది అచ్చంగా పంటల చిట్టా. కొత్త చింతపండు, కొత్త బెల్లం, కొత్త కారం, అప్పుడే కాసిన మామిడి, అప్పుడే పూసిన వేప.

తమిళనాడులో విరుదునగర్ జిల్లా ఏళాయిరంపన్నై వైపు వెళ్తే ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. అగ్గిపెట్టెలకు, బాణసంచాకు పేరుబడ్డ ప్రాంతం. చుట్టూ నల్లరేగడి; అక్కడి మాటలో కరిసల్. ఎన్నో తరాల కిందట దక్షిణానికి తరలిపోయిన కుటుంబాలు ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పటికీ ఇంట్లో తెలుగు మాట్లాడతాయి. ఆ వలస కథనే కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’ నవలగా తమిళంలో రాశారు.

అక్కడ మెట్ట సేద్యమంతా వాన మీదే. తమిళ నెల ఐప్పసి వానలకు విత్తిన సజ్జ, జొన్న, మినుము పొంగల్ దాటేసరికి ఇల్లు చేరతాయి. మిరప, పత్తి ఎండలు ముదిరేదాకా కోతకొస్తూనే ఉంటాయి. కాబట్టి ఉగాదికి కారం చేలోది. చింతపండు గట్టు మీది చెట్టుది. కొత్తది ఇంకా తేనెరంగులో ఉండి వేళ్లకు అంటుకుంటుంది, కుండలో ఏడాదుంటే నల్లబడుతుంది. తీపికి తాటిబెల్లమూ ఉంది. మామిడికి కొండ కింది రాజపాళయం తోటలు, ఉప్పుకు తూత్తుకుడి ఉప్పుమళ్లు.

చిక్కల్లా వేపపువ్వుతోనే. మన ఉగాది చంద్రుడి వెంట తిరుగుతుంది: 2024లో ఏప్రిల్ 9, 2026లో మార్చి 19. చెట్టుకు పంచాంగం తెలియదు కదా! పండగ ముందొస్తే మొగ్గలే దక్కుతాయి, లేదా నిరుటి ఎండుపువ్వే గతి. పక్కింటి తమిళుల సంవత్సరాది సూర్యుణ్ని నమ్ముకుంది, ఏప్రిల్ 14 దాటిపోదు. వాళ్లూ మామిడికాయ, వేపపువ్వు పచ్చడే చేస్తారు, అప్పటికి చెట్లు తెల్లగా విరగబూసి ఉంటాయి. రాత్రి చెట్టు కింద పాత పంచె పరిస్తే తెల్లారేసరికి పూత రాలి ఉంటుంది. చేటలో చెరిగి కాడలు ఏరేస్తే సరి.

ఆ పల్లెల్లోనే సెంటు భూమి లేని తెలుగువాళ్లూ ఉన్నారు. కోతకూలికి కొలిచిచ్చిన గింజలే ఒకప్పుడు వాళ్ల పంట. ఇప్పుడు అగ్గిపెట్టెల పని మీద వచ్చే డబ్బుతో చింతపండూ బెల్లమూ కొంటారు. హైదరాబాదులో మనం పొట్లం కట్టించుకుని తెచ్చుకునే వేపపువ్వును మాత్రం వాళ్లు కొనరు. రోడ్డు పక్క చెట్టు ఎవరి పట్టాలోనూ లేదు.