రిపోర్టు బాగుంది, కడుపే బాగలేదు



మన షోలాపూర్‌ల సాంచాల మీద నిలబడేటోళ్లకు, బీడీలు చుట్టే ఆడోళ్లకు కడుపు బాధ కొత్త కాదు. కడుపు ఉబ్బుతది, మెలిపెడతది. ఒకనాడు విరేచనాలు, ఒకనాడు మలబద్ధకం. సోనోగ్రఫీ తీస్తే ఏమీ లేదంటరు. అప్పుడు ఇంట్లోవాళ్లు "పని తప్పించుకునే నాటకం" అంటరు. ఆ మాట అనొద్దు.

పేగుల గోడల్లో 10 కోట్లకు పైగా నరాల కణాలున్నయి. వాటికి మెదడుతో ఎప్పుడూ సంబంధం ఉంటది. రాత్రిపాళీ, వేళ తప్పిన తిండి, అప్పుల చింత, ఒక్కోసారి ఎప్పుడో వచ్చిపోయిన విరేచనాల జబ్బు, వీటితో ఆ నరాలకు ఓర్పు తగ్గుతది. సాంచా విరగలేదు, నూలు తెగలేదు, అయినా పడుగు బిగువు తప్పితే బట్ట చెడుతది కదా! ఇదీ అంతే. ఫొటోల బిగువు కనబడదు. డాక్టర్లు దీన్ని ఐబీఎస్ అంటరు. బాధ మాత్రం నిజం.

వేళకు తినాలె. ఖాళీ కడుపున చహా మీద చహా తాగొద్దు. రోజూ కొంత నడవాలె. ఏం తిన్ననాడు బాధ పెరిగిందో నెల రోజులు రాసి, ఆ కాగితం డాక్టరుకు చూపాలె. ఇసబ్‌గోల్ ఆయన్ను అడిగి తీసుకోవాలె.

కాని మలంలో రక్తం, బరువు తగ్గుడు, జ్వరం, ఒంట్లో రక్తం తక్కువగుడు, నిద్రలేపే నొప్పి, 50 దాటినంక కొత్తగా మొదలైన బాధ, వీటిలో ఒక్కటున్నా "నరాలే" అనుకొని కూర్చోవద్దు. ఒకరోజు పగారు పోయినా సరే, సివిల్ దవాఖానాకు పోయి చూపించుకోవాలె.