తాళం మొరాయించకముందే...

కొత్తగా షాపు పెట్టేవాళ్లని గమనిస్తుంటాను. బోర్డుకి లైటింగు, లోపల ఏసీ, ఇన్‌స్టాలో రీల్... అన్నీ పక్కాగా ఉంటాయి. తాళం మాత్రం అది తెరుచుకోని రోజే గుర్తొస్తుంది. ఆ రోజు స్టాఫ్ బయట, సరుకు లోపల. వచ్చిన కస్టమర్ పక్క షాపులో!

నిజానికి తాళం ఒక్క రోజులో చెడిపోవడం అరుదు. మొదట తాళంచెవి కాస్త బిగుతుగా తిరుగుతుంది. తర్వాత అటూ ఇటూ కదిపితే గానీ లొంగదు. ఆపైన షట్టర్‌ని కాలితో నొక్కి పట్టాలి. కొత్త కుర్రాడికి ‘‘కొంచెం ఎత్తి తిప్పరా’’ అని ట్రైనింగ్ కూడా ఇచ్చేస్తాం. ఆ కిటుకు నేర్పాల్సి వచ్చిందంటేనే రిపేరు టైమొచ్చిందని అర్థం.

తప్పు ఎవరిది?

డబ్బు ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. తలుపు తెరిచి ఉంచి తాళం తిప్పండి. అప్పుడు సాఫీగా తిరిగి, మూశాక బిగుసుకుంటోందా? తాళం బాగానే ఉంది, తలుపే జారింది. గడియ తన రంధ్రానికి ఎదురుగా రావట్లేదు. గ్లాస్ డోర్ అయితే కింద ఫ్లోర్ స్ప్రింగ్ దగ్గర సర్దాలి. అది డోర్ ఫిట్టర్ పని. షట్టర్ ఎత్తితేనో నొక్కితేనో తాళం పడుతోందంటే షట్టర్ మెకానిక్‌ని పిలవాలి. తలుపు తెరిచి ఉన్నా బిగుతుగానే ఉంటే మాత్రం లోపం తాళంలోనే. అప్పుడు తాళాలు బాగుచేసే అతను కావాలి.

కొబ్బరినూనె వద్దు

తాళం బిగుసుకోగానే చేయి నూనె సీసా మీదికి పోతుంది. ఆగండి. చాలా తాళాల లోపల సన్నటి పిన్నులు, చిన్న స్ప్రింగులు ఉంటాయి. నూనెకి రోడ్డు దుమ్ము తోడైతే అక్కడ జిగురు ముద్ద తయారవుతుంది. రెండ్రోజులు హాయిగా తిరిగి, తర్వాత అసలుకే మోసం. గ్రాఫైట్ పొడి చిటికెడు వేసి, చెవిని నాలుగైదుసార్లు లోపలికీ బయటికీ ఆడిస్తే చాలు. వానాకాలానికి ముందోసారి, తర్వాతోసారి చేయండి. షట్టర్ పక్క పట్టాల్లో పేరుకున్న మట్టిని బ్రష్‌తో దులపండి.

ఒరిజినల్ చెవిని రోజూ వాడకండి, ఇంట్లో దాచండి. డూప్లికేట్ ఎప్పుడు చేయించినా దాన్నుంచే చేయించండి. అరిగిన డూప్లికేట్‌కి మళ్లీ డూప్లికేట్ చేయిస్తే ఆ అరుగుదల కూడా కాపీ అవుతుంది.

ఇక్కడ మన తెలివి ఆపాలి

చెవి వంగినా, లోపల విరిగినా, ఊరికే గిర్రున తిరుగుతున్నా ఇక చేయి పెట్టొద్దు. విరిగిన ముక్కని ఫెవిక్విక్‌తో లాగే ప్రయోగాలు అసలే వద్దు. ముక్క రాదు, తాళం మాత్రం అతుక్కుపోతుంది. చెవి పోయినా, చెవులున్న స్టాఫ్ మానేసినా పిలవండి. చాలాసార్లు తాళం మొత్తం మార్చక్కర్లేదు, సిలిండర్ మారిస్తే సరిపోతుంది. రేటు ముందే మాట్లాడుకోండి. ‘‘షాపు మీదేనా? ఏదైనా కాగితం చూపిస్తారా?’’ అని అతను అడిగితే చిరాకు పడకండి, నంబర్ సేవ్ చేసుకోండి. అలా అడిగేవాడే నమ్మకస్తుడు.

చివరగా అన్నిటికన్నా ముఖ్యమైంది. రాత్రిళ్లు కుర్రాళ్లు లోపల పడుకుంటే, బయటి నుంచి తాళం వేసి వెళ్లే అలవాటు కొన్నిచోట్ల ఉంది. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ థియేటర్ అగ్నిప్రమాదంలో 59 మంది చనిపోయారు. బాల్కనీ నుంచి బయటపడే దారులు మూసి ఉండటమే ఎంతోమంది ప్రాణం తీసింది. దొంగ లోపలికి రాకూడదు, నిజమే. కానీ లోపలున్న మనిషి చెవి కోసం వెతక్కుండా బయటికి రాగలగాలి. ఆ పని చేయలేని తాళం ఎంత ఖరీదైనదైనా మంచి తాళం కాదు.