తెర మీది బొమ్మ, తెర వెనుక గొంతు



పోయిన కోతపండుగకు ముందు మా యౌవనస్థులు సంఘము పేరున ఒక వెబ్‌సైటు తయారుచేశారు. తెరవగానే పెద్ద బొమ్మ. పచ్చని గడ్డిమైదానము, అందులో తెల్లని గొర్రెలు. అనంతపురము సీమలో అంత పచ్చదనము మేమెన్నడూ చూడలేదు. మా పల్లె గొర్రెలు నల్లవి, మా చేలు వేరుశనగ చేలు. అయినా పెద్దలు చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాము.

తరువాతి సంగతి వ్రాయుటకు సిగ్గుగా ఉన్నది. వానలు లేక బెంగళూరుకు కూలికి వెళ్లిన కుటుంబము మా సంఘములో ఒకటి ఉన్నది. ఇక్కడ వారి తల్లి ప్రభువునందు నిద్రించగా, ఆ కబురు పొరుగువారి ఫోను ద్వారా కుమారునికి అందింది. భూస్థాపన ఎన్ని గంటలకో తెలియలేదు. తిరిగి చేస్తే ఆ ఫోను పలకలేదు. బస్సులో కూర్చుని మా వెబ్‌సైటు తెరిచాడు. దారిలో సిగ్నలు అంతంతమాత్రము. గొర్రెల బొమ్మ సగము వచ్చి ఆగిపోయింది. ఎట్టకేలకు తెరుచుకుంటే, అందులో ఉన్నది మాకు ముందు పనిచేసి బదిలీ అయిన అయ్యగారి పాత నంబరు. ఏదో పాత కరపత్రములో నుండి ఎక్కించారు, మేము సరిచూడలేదు. కుమారుడు బయలుదేరాడని మాకు తెలియదు. మండుటెండలు, ఇక ఆలస్యము చేయరాదని పెద్దలన్నారు. అతడు వచ్చేసరికి సమాధి పూడ్చడము అయిపోయింది. మమ్ములను నిందించలేదు. "అయ్యగారూ, ఆ నంబరు మార్పించండి" అన్నాడంతే.

బొమ్మలే వద్దని మేము చెప్పుటలేదు. 1991లో టిమ్ బెర్నర్స్-లీ అను ఆంగ్లేయుడు సెర్న్ పరిశోధనాలయములో ప్రపంచములోని మొదటి వెబ్‌సైటు పెట్టినప్పుడు అందులో అక్షరములే గాని బొమ్మలు లేవు. 1993లో మొజాయిక్ అను బ్రౌజరు వచ్చి అక్షరముల మధ్యనే బొమ్మలు చూపిన తరువాత సామాన్యులు ఇటు తిరిగారు. 2002లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు వెబ్‌సైట్లను దేనిని బట్టి నమ్ముతారని రెండున్నర వేలమందికి పైగా అడిగారు. వారి వ్యాఖ్యలలో 46 శాతము పైకి కనబడే రూపమును గురించినవే! మనిషి ముందు చూస్తాడు, తరువాతనే చదువుతాడు.

ధర్మవరము దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబములున్నవి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును పలుచగా చేసి, రంధ్రములు పొడిచి, రంగులద్దుతారు. వెనుక దీపము పెడితే బొమ్మ మెరుస్తుంది. దారిన పోయేవాడు ఆగేది ఆ మెరుపుకే. తెల్లవార్లు కూర్చోబెట్టేది మాత్రము తెర వెనుక గొంతు. మా వెబ్‌సైటులో బొమ్మ ఉన్నది గాని గొంతు లేదు.

ఇప్పుడు ఆ గొర్రెలను తోలివేశాము. వాటి స్థానములో మా గుడి, గుడి ముందరి వేపచెట్టు, దాని క్రింద కూర్చున్న మా అవ్వలు. ఫోనుతో తీసిన ఫొటో మూడు నాలుగు ఎం.బి. ఉంటుంది. దానిని రెండు వందల కె.బి.కి తగ్గించినా చిన్న తెర మీద తేడా కనబడదని మా సండేస్కూలు టీచరమ్మ చేసి చూపించింది.

ఇంకొకటి. ఆరాధన వేళలను రంగుల పోస్టరుగా చేసి పెట్టేవారు. చూచుటకు బాగుండేది. కాని బొమ్మలో కలిసిపోయిన అక్షరములను వెదకడము కష్టము, మార్చడము ఇంకా కష్టము. మా సంఘములో చూపులేని తమ్ముడొకడు ఫోను చదివి వినిపిస్తుండగా వింటాడు. పోస్టరు దగ్గరకు వచ్చేసరికి అతని ఫోను మూగబోయేది. 1991 నుండి తెలుగు లిపి యూనికోడులో ఉన్నది గదా, మామూలు అక్షరములతో టైపు చేస్తే సరిపోతుంది. హబక్కూకు ప్రవక్తకు పలకల మీద స్పష్టముగా వ్రాయుమని ఆజ్ఞ అయినది, పరుగెత్తువాడు సైతము చదువగలుగునట్లు. బస్సులో ఆ కుమారుని తలంచుకొని ఆ అధ్యాయమును మరల చదివాము.

ఇప్పుడు నెలనెలా మొదటి ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, ఆ టీచరమ్మ వెబ్‌సైటు తెరిచి, అందులోని నంబరు చూచి ఫోను చేస్తుంది. మా జేబులో గంట మ్రోగేవరకు పెద్దలెవరూ బల్లల మీది నుండి లేవరు.