రక్షణ లోపించినది మైదానములోనా, ఇంటిలోనా?

హిమాయత్‌నగరునుండి లాల్ బహదూర్ క్రీడాప్రాంగణమునకు నడచి పోవదగిన దూరమే. ఆ ప్రాంగణమునకు పూర్వనామము ఫతే మైదాను. 1687లో గోలకొండను ముట్టడించిన మొగలు సైన్యము ఆ బయలునందు విడిసియుండెననియు, కోట వశమైన పిమ్మట దానికి విజయసూచకముగ నా పేరు కలిగెననియు చెప్పుదురు. ఇటీవల ఒక సాయంకాలము ఆ దారిలోని యొక ఇరానీ హోటలులో మేము కూర్చుండియుండగా, ప్రక్క బల్లవద్ద ఫుట్‌బాల్ ఆటను గూర్చి పెద్ద వాదము నడచుచుండెను. హైదరాబాదు ఎఫ్.సి. జట్టు అన్ని గోలులేల సమర్పించుకొన్నది? బ్యాకులకు కాళ్లలో సత్తువ లేదని ఒకరు. శిక్షకునికి తెలివి లేదని యొకరు. విదేశీయులు లేకున్న మనవారికి ఆట రాదని మరియొకరు. మేము చాయ చల్లారువరకు వింటిమి. ముగ్గురి మాటలలోను కొంత నిజము కలదు. కాని మూలమును మాత్రము ముగ్గురును ముట్టలేదు. ఆ మూలమును గూర్చియే నేడు ముచ్చటింపదలచితిమి.

ముందుగా లెక్కలు చూతము. 2019లో పూణే నగర జట్టు మూతపడగా దాని స్థానమున ఈ సంస్థ ఇండియన్ సూపర్ లీగులో ప్రవేశించినది. గచ్చిబౌలిలోని బాలయోగి ప్రాంగణము దానికి స్వస్థలమయ్యెను. మొదటి యేడు 18 ఆటలలో 39 గోలులు పడి అందరికంటె అడుగున నిలిచినది. మరుసటి యేడు స్పెయిను దేశీయుడగు మనోలో మార్కెజ్ శిక్షకుడుగా వచ్చెను. 20 ఆటలలో 19 గోలులే పడినవి. 2022 మార్చి 20వ తేదీన గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్సును పెనాల్టీలలో ఓడించి హైదరాబాదు జట్టు విజేతయైనది. నాడు గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలను ఆపెను. 2022-23లో 20 ఆటలకు పడిన గోలులు 16 మాత్రమే. జట్టు ద్వితీయస్థానమున నిలిచెను. ఆ పిమ్మట 2023-24లో 22 ఆటలకు 43 గోలులు! గెలుపు ఒక్కటి, ఓటములు పదునారు. 2024-25లో 24 ఆటలకు 47.

ఆటకొక గోలు కూడ పడని చోట ఆటకు రమారమి రెండు గోలులు పడజొచ్చెను. ఒక సంవత్సరములో మనుష్యుల కాళ్లు ఇంతగా చెడునా? చెడవు. కావున కాళ్లను నిందించుటకు ముందు, ఆ సంవత్సరములో ఏమి జరిగెనో విచారింపవలయును.

రక్షణ యనగా గోలు ముందర నిలిచిన నలుగురి పని యని సామాన్యులు తలతురు. ఇది పొరపాటు. చెరువు కట్ట తెగిన దినమున నీరు పారిన గండినే యెల్లరు చూతురు. ఏండ్ల తరబడి పూడిక తీయని సంగతి, తూము మరమ్మతు మరచిన సంగతి ఎవ్వరికిని జ్ఞప్తికి రాదు. ఫుట్‌బాలులో గండి పడునది వెనుక వరుసలో. కాని దానికి కారణము తరచుగా ముందు వరుసలలో నుండును. బంతిని తమయొద్ద నిలుపుకొనలేని జట్టు ఆట పొడుగున పరుగెత్తి అలసిపోవును. నడుమ నిలిచి ఎదిరి దాడిని తొలుత అడ్డగించువాడు లేనిచో బ్యాకులకు ఊపిరి పీల్చుకొను వ్యవధి యుండదు. 2022-23లో హైదరాబాదు జట్టు కొట్టిన గోలులు 36; మరుసటి యేడు కొట్టినవి 10. గోలు కొట్టలేని జట్టు ఆట యంతయు తన ముంగిటనే జరుగును గదా! ముంగిట జరుగు పోరులో ఇల్లు దెబ్బతినుటలో వింత యేమున్నది?

రెండవది పొందిక. బ్యాకులిద్దరును కలిసి ఆడుట ఎడ్లజత వంటిది. రెండెడ్లును వేర్వేరుగ ఎంత బలిసినవైనను, అడుగు కలియనిచో సాలు వంకరపోవును. ఒకడు ముందుకు దూకినపుడు రెండవవాడు వెనుక నిలువవలయును. ఒకడు ప్రక్కకు లాగబడినపుడు రెండవవాడు నడుమకు జరుగవలయును. ఇది నోటితో చెప్పి చేయించునది కాదు, కూడియాడి సాధించునది. మార్కెజ్ కాలమున చింగ్లెన్‌సనా సింగు, ఒదేయి ఒనైందియా నడుమ నిలిచిరి. ఎడమవైపున ఆకాశ్ మిశ్రా, కుడివైపున ఆశిష్ రాయ్ యను పడుచువారు ఎదిగిరి. వీరి ముందర జోవావ్ విక్టర్ కాపుండెను. అది కొనితెచ్చిన రక్షణ కాదు. మూడేండ్లలో పెంచుకొన్న రక్షణ. ఆశిష్ రాయ్ 2022లో కలకత్తా జట్టునకు పోయెను. 2023లో ఆకాశ్ మిశ్రా బొంబాయికి, మార్కెజ్ గోవాకు తరలిరి. ఒనైందియా యును పోయెను. 2024 జనవరిలో చింగ్లెన్‌సనా సింగు బెంగుళూరు చేరెను. గోడలోని రాళ్లు ఒకటొకటిగ ఊడిపోవుచుండగా, మిగిలిన రాతిని చూచి నీవేల గోడవలె నిలువవైతివని యడుగుట న్యాయమా?

వారేల పోయిరి? ఇచ్చటనే మూలము గలదు. జీతములు ముట్టలేదు. ఆటగాండ్రకు, శిక్షకులకు, సంస్థలో పనిచేయు చిన్న యుద్యోగులకు నెలల తరబడి బకాయిలు పడినవి. బాకీలు చెల్లింపనందున కొత్త ఆటగాండ్రను చేర్చుకొనరాదని అంతర్జాతీయ సమాఖ్యయగు ఫీఫా నిషేధము విధించినది. పోయినవారి చోట నింపుటకు వీలులేకపోయెను. విదేశీయులు వెడలిపోగా, పెద్దజట్టులో ఆడి యెరుగని కుర్రవాండ్రు బరిలోనికి దిగిరి. ఆ కుర్రవాండ్రే 2024 మార్చిలో చెన్నై పోయి ఆ యూరి జట్టును ఒక గోలుతో ఓడించి, ఆ యేటి యేకైక విజయమును తెచ్చిరి. వారిని నిందించుటకు మా కలము సాగదు.

మన పాఠకులలో భూవసతి గలవారు పెక్కురు కలరు. పాలేరునకు ఏడాది కూలి ఎగవేసి, పైరు చెడినదేమని వానినే దూషించు ఆసామిని ఊరు ఏమనునో వారికి చెప్పనక్కరలేదు. నెలజీతము రాక, ఇంటి అద్దె చెల్లక, రేపు ఏ యూరికి పోవలయునో తెలియక బరిలోనికి దిగినవానికి బంతి రెండుగా కనబడుట సహజము. రక్షణకు ముఖ్యముగ కావలసినది నిబ్బరము. ముందువరుస యాటగాడు తొమ్మిది సారులు తప్పి పదవమారు గోలు కొట్టినచో వీరుడగును. బ్యాకు తొమ్మిది సారులు కాపాడి పదవమారు తప్పినచో దోషియగును. అట్టి పని కలత చెందిన మనస్సుతో సాగదు.

గోలకొండ సంగతి ఇచ్చట జ్ఞప్తికి వచ్చుచున్నది. ఎనిమిది మాసములు మొగలు ఫిరంగులకు లొంగని కోట ఎట్లు పడినది? గోడ కూలి కాదు. లంచమునకు లోబడిన అబ్దుల్లా ఖాను పన్నీ యను సర్దారు రాత్రివేళ ఒక వాకిలి తెరిపించెను. ఆనాడు అబ్దుర్ రజాక్ లారీ యను విశ్వాసపాత్రుడు ఒంటరిగ పోరాడి ఒడలెల్ల గాయములతో పడిపోయెను. కోట పడినందులకు లారీ బాధ్యుడని ఏ చరిత్రకారుడును వ్రాయలేదు. ఫుట్‌బాల్ సంగతి వచ్చునప్పటికి మాత్రము మనము గాయపడినవానినే నిందించి, వాకిలి తెరచినవానిని మరచుచున్నాము. ఇచ్చట వాకిలి తెరచినది ద్రోహము కాకపోవచ్చును, నిర్లక్ష్యమే కావచ్చును. ఫలము మాత్రమొకటే.

దీనికి రెండు ఆక్షేపణలు రాగలవు. జీతములే కారణమైనచో తొలియేడు, 2019-20లో, 39 గోలులేల పడినవని యొకటి. న్యాయమైన ప్రశ్నయే. ఆ యేటి లోపము పద్ధతి లోపము; జట్టు అప్పుడే పుట్టినది, నడుమ శిక్షకుని కూడ తొలగించిరి. పద్ధతి వచ్చిన వెంటనే గోలులు సగమునకు తగ్గినవి. అనగా శిక్షకుని విద్యకు విలువ గలదని మేమును ఒప్పుకొనుచున్నాము. కాని ఆ విద్య నిలుచుటకు నేల కావలయును. ఆ నేలయే తరువాత జారిపోయినది. 2024లో కొత్త యజమానులు వచ్చిరి గదా, మరల 47 గోలులేల యని రెండవ ఆక్షేపణ. ఎండిన తోటకు ఒక్కనాడు నీరు పెట్టి మరునాడు కాయలు కోయగలమా? పోటీలు ముంగిట నిలిచినపుడు జట్టును హడావిడిగ కూర్చిరి. ఆ యేటి డిసెంబరులో శిక్షకుడు తంగ్‌బోయ్ సింగ్టో తొలగింపబడెను. పొందికకు వ్యవధియే లేకపోయెను.

ఇది మన యూరికి తెలియని విద్య యైనచో మేమింత వాపోవము. సయ్యద్ అబ్దుల్ రహీము ఈ నగరమువాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివిన బడిపంతులు. 1943నుండి మరణపర్యంతము హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి. ఆయన తీర్చిన హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950నుండి 1954వరకు వరుసగ అయిదుమార్లు రోవర్సు కప్పు గెలిచినది. 1950లో మోహన్ బగానును ఓడించి డ్యూరాండు కప్పును తెచ్చినది. ఆ జట్టులోని వారికి పోలీసు కొలువు గలదు. నెల తిరుగువరకు బియ్యమునకు వెదకుకొనవలసిన గతి లేదు. ఏటేట వారే, ఆ మైదానముననే, ఆ గురువు కన్నుల యెదుటనే కూడి ఆడిరి. బంతిని కాళ్లతో త్రిప్పుచు పోగూడదను నియమముతో రహీము కుర్రవాండ్రకు పోటీలు నడపెను. దానివలన వేగముగ బంతినందించు అలవాటు పట్టుబడినది; బంతి తమయొద్ద నున్నంతకాలము గోలునకు భయము లేదు గదా.

1952లో హెల్సింకి ఒలింపిక్కులలో యుగోస్లావియా మనపై 10 గోలులు కొట్టెను. మనవారు పెక్కురు వట్టికాళ్లతో ఆడిన దినమది. అంతటి పరాభవమునకును రహీమును తరుమలేదు. బూట్లు తప్పనిసరి చేయబడెను, అభ్యాసము సాగెను. నాలుగేండ్ల పిమ్మట మెల్బోర్నులో మనవారు ఆస్ట్రేలియాను 4-2 గోలులతో ఓడించి, అర్ధాంతిమమున అదే యుగోస్లావియాకు 4-1 గోలులతో ఓడి నాలుగవ స్థానమున నిలిచిరి. ఆ జట్టులో గోలుకీపరు పీటర్ తంగరాజు, బ్యాకు అజీజుద్దీను, హాఫ్ బ్యాకు నూర్ మహమ్మదు, ముందువరుసలో తులసీదాస్ బలరాము - అందరును ఈ నేలనుండి వెడలినవారే. 1970 ఆసియా క్రీడలలో కాంస్యము తెచ్చిన జట్టు నాయకుడు సయ్యద్ నయీముద్దీను కూడ ఈ నగరపు బ్యాకే. రక్షకులను దేశమునకిచ్చిన ఊరు తన గోలును కాచుకొనుటకు మనుష్యులను ఇరుగుపొరుగు రాష్ట్రములనుండి కొనితెచ్చుకొనవలసివచ్చినది! 2022లో కప్పు గెలిచిన పదునొకండ్రలో హైదరాబాదు వీధులలో పెరిగినవానికై వెదకవలసినదే.

కొనితెచ్చిన బలము ధనమున్నంతకాలము నిలుచును. ధనము తొలగినపుడు తానును తొలగును. ఊరిలో పుట్టిన బలమైనచో కష్టకాలమున కొంతయైన మిగులును. పూణే చోట వచ్చిన సంస్థ 2025లో ఢిల్లీకి తరలిపోయి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ యను పేరు దాల్చినది. అద్దెకున్నవారు ఇల్లు ఖాళీచేసినట్లు పోయినది. గెలిచిననాడు మనమందరము వీధులకెక్కితిమి. పోయిననాడు గట్టిగ అడిగినవారు ఎందరు? ఇదియు రక్షణ లోపమే. ఈ లోపము మనది.

ఇక చేయవలసినదేమి? అఖిల భారత సమాఖ్య ఒక నియమము చేయవలయును: ఏ యజమానియైనను ఆ యేటి జీతముల మొత్తమును ముందుగ ధరావతు చేయనిదే అతని జట్టును పోటీలలో చేర్చుకొనరాదు. కాంట్రాక్టరునుండి ధరావతు గొనని పురపాలక సంఘము లేదు. ఆటగాని కూలికి మాత్రమేల హామీ యుండరాదు? రెండవది, నగరము పేరు పెట్టుకొను సంస్థ ఆ నగరమున బాలుర శిక్షణాలయమును నడపవలయును. ఆ పిల్లలకు జట్టులో చోటు చూపవలయును. మూడవది, శిక్షకునికిని వెనుకవరుసకును మూడేండ్ల గడువీయవలయును.

ఇవి ఇతరులు చేయవలసినవి. మనము చేయవలసినదియు కలదు. ఊరివెలుపల రెండెకరముల బీడు గల ఆసామి దానిని బడిపిల్లల ఆటకు విడువగలడు. అంగడి గల వర్తకుడు ఒక ఆటగానికి కొలువీయగలడు. పూర్వము పోలీసు శాఖ చేసిన మేలు అదియే. బడి మైదానమున దుకాణములు లేచునపుడు తల్లిదండ్రులు అడ్డుపడగలరు. రాబోవు హైదరాబాదు జట్టు ఏ పేరుతో వచ్చినను, దాని వెనుకవరుస గచ్చిబౌలిలో కాదు, ఈ మైదానములలో పుట్టవలసియున్నది.

ఆ సాయంకాలము మేము హోటలునుండి లేచి ఫతే మైదాను ప్రక్కగ నడచి వచ్చితిమి. పేరు విజయపు బయలు. విజయము మాత్రము కోటను ముట్టడించినవారిది. ఆ నేలపైననే రహీము శిష్యులు మనకు వేరొక విజయము తెచ్చిపెట్టిరి. దానిని కాచుకొనలేనివారము మనము; బ్యాకులను నిందింపబోవునపుడు ఈ సంగతి మరువకుందుము గాక.